పాసైన ఏడాదే శాపమా?

కంపెనీలకు మాంద్యం రెండేళ్లలో తీరిపోతుంది. ఆ రెండేళ్లలో పట్టా పుచ్చుకున్న పిల్లల్ని అది పదేళ్లయినా వదలదు. హైదరాబాద్ ఉద్యోగాల మార్కెట్లో 2023, 2024 బ్యాచ్‌లకు జరిగిందేమిటి? అంతకుముందు దెబ్బతిన్న బ్యాచ్‌ల అనుభవం ఏం చెబుతోంది? ఈ పిల్లలు మళ్లీ నిలదొక్కుకోవాలంటే ఎవరెవరు ఏం చేయాలి?

ఫ్రెషర్ల కోసం వెలువడే ప్రకటనల్లో జీతం కంటే ముందు కనిపించేవి అర్హతలు. టెన్త్, ఇంటర్, బీటెక్ మూడింట్లోనూ అరవై శాతం తగ్గకూడదు. యాక్టివ్ బ్యాక్‌లాగ్స్ ఉండకూడదు. చదువు మధ్యలో గ్యాప్ ఉంటే కారణం చూపాలి. ఇవన్నీ కష్టపడితే దాటగలిగినవే. వాటి పక్కనే ఉండే మరో షరతును మాత్రం ఎంత తెలివైనవాళ్లైనా దాటలేరు. ఫలానా సంవత్సరం పాసవుట్స్ మాత్రమే దరఖాస్తు చేయాలన్నది ఆ షరతు.

మంచి రోజుల్లో దాన్నెవరూ పట్టించుకోరు. మార్కెట్ పడిపోయిన ఏడాది అదే షరతు తలరాతగా మారుతుంది. 2023లో బీటెక్ పూర్తిచేసిన అమ్మాయి ఆ ఏడాది క్యాంపస్‌కు కంపెనీలు రాక ఖాళీగా ఉండిపోయిందనుకుందాం. మార్కెట్ కాస్త తేరుకుని కంపెనీలు మళ్లీ వచ్చేసరికి అవి 2025 బ్యాచ్‌ను పిలుస్తాయి, ఆ తర్వాత 2026ను. ఈ అమ్మాయికి అనుభవం లేదు కాబట్టి ఎక్స్‌పీరియన్స్ ఉన్నవాళ్ల వరుసలో చోటుండదు. తాజాగా పాసవలేదు కాబట్టి ఫ్రెషర్ల వరుసలోనూ చోటుండదు. ఆమె చదువులో లోపం లేదు, కష్టంలో లోపం లేదు. పుట్టిన సంవత్సరాన్ని బట్టి కాలేజీలో చేరింది, చేరిన సంవత్సరాన్ని బట్టి పాసైంది. అంతకు మించి ఆమె చేసిందేమీ లేదు.

తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు ఇలాంటి పిల్లలు ప్రతి వీధిలో ఉన్నారు. వాళ్లకు ధైర్యం చెబితే చాలదు. దరఖాస్తు చేసుకునే హక్కు కూడా తిరిగి ఇవ్వాలి.

అక్కడ వడ్డీ పెరిగితే ఇక్కడ జాయినింగ్ ఆగుతుంది

2023-24లో మన జీడీపీ 8 శాతానికి పైగా పెరిగిందని కేంద్ర గణాంకాలు చెప్పాయి. కాబట్టి దేశానికి మాంద్యం వచ్చిందని ఎవరూ అనలేరు. సరిగ్గా ఆ ఆర్థిక సంవత్సరంలోనే టీసీఎస్ ఉద్యోగుల సంఖ్య 13,249 తగ్గింది. ఇన్ఫోసిస్‌లో 25,994 మంది, విప్రోలో 24,516 మంది తగ్గారు. మూడూ కలిపితే దాదాపు 64 వేలు. దేశమంతా ఎదుగుతున్నట్టు కనిపిస్తున్నా, చదువును సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికే ముడివేసుకున్న ప్రాంతానికి మాంద్యం వచ్చేసింది. హైదరాబాద్, దానివైపు చూసే కరీంనగర్, వరంగల్, గుంటూరు, కడప, కాకినాడ ఇళ్లు ఆ ప్రాంతంలోనివే.

దీని మూలం చాలా దూరాన ఉంది. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ ధరల పెరుగుదలను అదుపు చేయడానికి 2022 మార్చిలో వడ్డీ రేట్లు పెంచడం మొదలుపెట్టింది. అప్పటిదాకా సున్నాకు దగ్గరగా ఉన్న రేటు 2023 జులైకల్లా 5.25-5.50 శాతానికి చేరింది. అప్పు ఖరీదయ్యేసరికి అక్కడి బ్యాంకులు, బీమా కంపెనీలు, రిటైల్ సంస్థలు కొత్త సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్ని వాయిదా వేశాయి. ఆ ప్రాజెక్టుల మీదే బతికే మన ఐటీ కంపెనీలు జాగ్రత్తపడ్డాయి.

జాగ్రత్తపడటమంటే ముందు ఎవర్ని ఆపుతారు? ఉన్నవాళ్లను తీసేస్తే పేరు పోతుంది, పరిహారం ఇవ్వాలి, వార్తల్లోకి ఎక్కుతుంది. కొత్తవాళ్లను తీసుకోకపోతే ఏ చప్పుడూ ఉండదు. రాజీనామా చేసి వెళ్లిపోయినవాళ్ల స్థానాలను నింపకుండా వదిలేస్తే మొత్తం సంఖ్య దానంతటదే దిగుతుంది. క్యాంపస్‌లో ఏడాది ముందే ఇచ్చిన ఆఫర్ లెటర్లకు జాయినింగ్ డేట్ రాదు. అడిగితే 'బిజినెస్ అవసరాన్ని బట్టి తెలియజేస్తాం' అన్న మెయిల్ వస్తుంది. 2023 ఫిబ్రవరిలో విప్రో 6.5 లక్షల ప్యాకేజీకి ఎంపికైన ఫ్రెషర్లను 3.5 లక్షలకు చేరతారా అని అడిగింది. బయట మార్కెట్ చూసి చాలామంది ఒప్పుకున్నారు.

ఈ పతనం ఎంత నిటారుగా ఉందో తెలియాలంటే దాని ముందరి ఏడాది చూడాలి. కొవిడ్ తర్వాత అందరూ ఆన్‌లైన్‌కు మళ్లిన 2021-22లో టీసీఎస్ లక్ష మంది ఫ్రెషర్లను, ఇన్ఫోసిస్ 85 వేల మందిని తీసుకున్నాయి. ఆ ఏడాది పాసైన అన్నకు రెండు మూడు ఆఫర్లు చేతిలో ఉండేవి. అదే కాలేజీలో అదే సిలబస్ చదివి అవే మార్కులు తెచ్చుకున్న తమ్ముడు రెండేళ్ల తర్వాత ఖాళీ చేతులతో ఇంటికి వచ్చాడు. ఇంట్లోవాళ్లు సహజంగానే ఇద్దర్నీ పోల్చారు. ఆ పోలికలో ఉన్న అన్యాయాన్ని తమ్ముడు వివరించి చెప్పలేకపోయాడు.

ఇది మూడో దెబ్బ

హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ 1998 నవంబరులో మొదలైంది. రెండేళ్లు తిరగకముందే 2000లో అమెరికాలో డాట్‌కామ్ బుడగ పేలింది. 2000 సంవత్సరపు తేదీల సమస్యను సరిచేసే వైటూకే పనులు అప్పటికే అయిపోయాయి. ఇక్కడ కోర్సులు నేర్చుకుని విమానమెక్కినవాళ్లు ప్రాజెక్టు లేక బెంచ్ మీద కూర్చున్నారు, కొందరు తిరిగొచ్చారు. 2001, 2002లో పాసైనవాళ్లలో ఎంతోమంది మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌కో, కాల్ సెంటర్‌కో వెళ్లారు.

రెండో దెబ్బ 2008 సెప్టెంబరు 15న లీమన్ బ్రదర్స్ కుప్పకూలడంతో మొదలైంది. హైదరాబాద్‌కు అది రెండింతలైంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు లెక్కలు తారుమారు చేసినట్టు లేఖ రాశారు. సుమారు 53 వేల మంది ఉద్యోగుల భవిష్యత్తు ఒక్క రోజులో ప్రశ్నార్థకమైంది. కేంద్ర ప్రభుత్వం రోజుల వ్యవధిలో పాత బోర్డును తప్పించి కొత్త బోర్డును వేసింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ కంపెనీని దక్కించుకుంది. నిజంగా మెచ్చుకోవాల్సిన పని అది. తలచుకుంటే ప్రభుత్వం మూడు నెలల్లో ఎంత చేయగలదో అప్పుడు చూశాం. అదే ఏడాది కాలేజీల నుంచి బయటికొచ్చిన 2009 బ్యాచ్ కోసం మాత్రం ఏ బోర్డూ కూర్చోలేదు. కంపెనీ మునిగితే అందరికీ కనిపిస్తుంది. ఒక బ్యాచ్ మునిగితే ఎవరింట్లోవాళ్లు బాధపడి ఊరుకుంటారు.

రెండో దెబ్బకూ మూడో దెబ్బకూ మధ్య ఒక పెద్ద మార్పు వచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకంతో ఇంజినీరింగ్ చదువు కూలి చేసుకునేవాళ్ల ఇళ్లకు, కౌలు రైతుల ఇళ్లకు చేరింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంజినీరింగ్ కాలేజీల సంఖ్య 700 దాటింది. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చూసిన తరం ఇది. 2001లో ఉద్యోగం దొరకని కుర్రాడికి చాలావరకు ఉద్యోగస్తుడైన తండ్రి ఉన్నాడు. 2023లో ఉద్యోగం దొరకని కుర్రాడి వెనక అప్పు తప్ప వేరే ఆసరా లేని ఇళ్లు ఎన్నో. దెబ్బ పాతదే అయినా, తట్టుకునే శక్తి ఈసారి బాగా తక్కువ.

దానికితోడు ఫ్రెషర్ జీతం దశాబ్దానికి పైగా మూడు, మూడున్నర లక్షల దగ్గరే ఆగిపోయింది. ఈలోగా హాస్టల్ అద్దె, మెస్ బిల్లు, బస్సు చార్జీ ఏవీ ఆగలేదు. అంటే ఉద్యోగం వచ్చినవాళ్ల చేతికీ అన్నల తరం కంటే తక్కువే అందుతోంది.

పదేళ్లు వెంటాడే నష్టం

'ఒక ఏడాది ఆలస్యమైతే ఏమైందిలే, తర్వాత అన్నీ సర్దుకుంటాయి' అని మనవాళ్లు ఓదారుస్తారు. ఆ మాటలో ప్రేమ ఉంది. అయితే అది ఎంతవరకు నిజమో ఆర్థికవేత్తలు లెక్కగట్టి చూశారు.

అమెరికాలో లీసా కాన్ 1979-89 మధ్య డిగ్రీ పొందినవాళ్ల జీతాలను ఏళ్ల తరబడి పోల్చి 2010లో ఫలితాలు ప్రచురించారు. చదువు ముగిసే సమయానికి నిరుద్యోగ రేటు ఒక్క శాతం ఎక్కువగా ఉంటే తొలి జీతం ఆరేడు శాతం తగ్గింది. ఆ తేడా మెల్లగా కరుగుతూ వచ్చినా పదిహేనేళ్ల తర్వాత కూడా పూర్తిగా పోలేదు. కెనడా గ్రాడ్యుయేట్ల మీద ఒరియోపోలస్, వాన్ వాక్టర్, హైజ్ చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. మాంద్యంలో బయటికొచ్చినవాళ్ల తొలి సంపాదన దాదాపు 9 శాతం తక్కువగా ఉందని, ఆ లోటు పూడటానికి పదేళ్లు పట్టిందని వాళ్లు తేల్చారు.

కెనడా అధ్యయనంలో మనకు ఎక్కువగా పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. చిన్న కంపెనీలో తక్కువ జీతానికి చేరి, ఆ తర్వాత మెరుగైన కంపెనీలకు మారుతూ పోయినవాళ్లు త్వరగా కోలుకున్నారు. అలా మారే అవకాశం ముందు వరుస విద్యార్థులకు దక్కింది. వెనక వరుసవాళ్లు చేరినచోటే ఉండిపోయారు, వాళ్లకు నష్టం శాశ్వతమైంది. మన దగ్గర వెనక వరుస ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు. ఐఐటీ, నిట్, పేరున్న యూనివర్సిటీ కాలేజీల పిల్లలు ఒక ఏడాది తడబడినా లేస్తారు. కంపెనీలు ఏడాదికొకసారి కూడా తొంగిచూడని జిల్లా కాలేజీ పిల్లలకు ఆ తడబాటే దారి అయిపోతుంది.

ఇదంతా కళ్లకు కట్టినట్టు చూపించిన దేశం జపాన్. అక్కడి కంపెనీలు కూడా ఆ ఏడాది డిగ్రీ పూర్తిచేసేవాళ్లనే ఒక్కసారిగా తీసుకుంటాయి. 1990ల మొదట్లో ఆస్తుల బుడగ పగిలాక దాదాపు పన్నెండేళ్లపాటు నియామకాలు గడ్డకట్టుకుపోయాయి. ఆ కాలంలో చదువు ముగించినవాళ్లను ఉద్యోగాల మంచు యుగం తరం అంటారు. ఆర్థిక వ్యవస్థ తేరుకున్నాక కంపెనీలు కొత్త బ్యాచ్‌లవైపు వెళ్లిపోయాయి. ఆ తరంలో లక్షలమంది కాంట్రాక్టు పనుల్లో, పార్ట్‌టైమ్ పనుల్లో నలభై ఏళ్లు దాటారు. ఎందరో పెళ్లికి దూరమయ్యారు, పెన్షన్ కూడబెట్టుకోలేకపోయారు. 2019లో తకరజుకా అనే నగరపాలక సంస్థ ఆ తరానికే ప్రత్యేకించి మూడు ఉద్యోగాలు ప్రకటిస్తే 1,800 మందికి పైగా దరఖాస్తు చేశారు. ఆ తరంలో మూడు లక్షల మందికి స్థిరమైన ఉద్యోగాలు చూపిస్తామని జపాన్ ప్రభుత్వం లక్ష్యం పెట్టుకున్నదీ ఆ ఏడాదే. అప్పటికి పాతికేళ్లు గడిచిపోయాయి.

ఒక మంచి పని మాత్రం జపాన్ అంతకుముందే చేసింది. 2010లో యువత ఉపాధి మార్గదర్శకాలను సవరించి, డిగ్రీ పూర్తయ్యాక మూడేళ్ల వరకు ఎవరినైనా కొత్త గ్రాడ్యుయేట్‌గానే చూడాలని కంపెనీలను కోరింది. మనం ముందుగా అందుకోవాల్సిన పాఠం ఇదే.

లెక్కలో ఉన్నవాళ్లు, లేనివాళ్లు

కేంద్రం జరిపే కార్మిక శక్తి సర్వే ప్రకారం 2023-24లో 15-29 ఏళ్ల యువతలో నిరుద్యోగం 10.2 శాతం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఆ జాతీయ సగటు కంటే పైనే ఉన్నాయి. చదువు పెరిగేకొద్దీ పరిస్థితి ఇంకా విషమం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో వెలువరించిన భారత ఉపాధి నివేదికలో, 2022 నాటికి చదవడం రాయడం రాని యువతలో నిరుద్యోగం 3.4 శాతమైతే గ్రాడ్యుయేట్లలో 29.1 శాతం. పనిలేక కూర్చునే స్తోమత పేదవాడికి లేదు, ఏదో ఒకటి చేస్తాడు. చదువుకున్నవాడు చదువుకు తగ్గ పని కోసం ఎదురుచూస్తాడు. ఎదురుచూపుకు ఇల్లు పెట్టిన ఖర్చు అప్పటికే లక్షల్లో ఉంటుంది.

ఈ లెక్కలు కూడా మొత్తం కథ చెప్పవు. బీటెక్ చదివి సాయంత్రాలు ఫుడ్ డెలివరీ చేసే కుర్రాడు సర్వేకు నిరుద్యోగి కాదు. ఏడాదిలో ముప్పై రోజులు ఏదైనా పనిచేసినా ఉపాధి ఉన్నట్టే లెక్క. గ్రూప్స్‌కు చదువుకుంటూ వేరే ఉద్యోగం వెతకనివాళ్లు కార్మిక శక్తిలోనే లేనట్టు.

ఆ చివరివాళ్లను చూడాలంటే హైదరాబాద్ అశోక్‌నగర్, చిక్కడపల్లి వెళ్లాలి. సాఫ్ట్‌వేర్ దారి మూసుకుపోయినప్పుడల్లా ఇక్కడి గదుల్లో, సెంట్రల్ లైబ్రరీ బల్లల దగ్గర జనం పెరుగుతారు. వాళ్ల ఓపికను వ్యవస్థ ఎలా పరీక్షించిందో గుర్తు చేసుకుందాం. తెలంగాణలో 503 పోస్టులతో గ్రూప్-1 నోటిఫికేషన్ 2022లో వచ్చింది. ప్రశ్నపత్రాల లీకుతో ప్రిలిమ్స్ 2023 మార్చిలో రద్దయింది. మళ్లీ రాసిన ప్రిలిమ్స్‌ను ఆ సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024లో 563 పోస్టులతో మళ్లీ మొదటి నుంచి మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తర్వాత 16,347 పోస్టుల మెగా డీఎస్సీ 2025లో జరిగింది. మధ్యలో ఏడేళ్లు. బీఈడీ ముగించిన అమ్మాయి జీవితంలో ఆ ఏడేళ్లలో ఏమేం జరిగిపోతాయో ప్రతి ఇంటికీ తెలుసు.

అమ్మాయిల సంగతి వేరుగా చెప్పుకోవాలి. నగరాల్లో యువకుల కంటే యువతుల్లోనే నిరుద్యోగం ఎక్కువ. మార్కెట్ పడిపోయినప్పుడు అబ్బాయికి ఇంకో ఏడాది గడువిస్తారు. అమ్మాయికి సంబంధం చూస్తారు. పెళ్లితో ఆగిన ఉద్యోగ ప్రయత్నం ఏ నిరుద్యోగ గణాంకంలోనూ కనిపించదు. బీటెక్‌లో తనకంటే తక్కువ మార్కులొచ్చిన క్లాస్‌మేట్ ఆ గడువులో ఉద్యోగం సంపాదిస్తాడు. ఆమెకు ఆ గడువే దక్కలేదు.

ఇంకో దారి అమెరికా ఎంఎస్. 2023-24లో అక్కడ 3,31,602 మంది భారతీయ విద్యార్థులు చదువుతున్నారని లెక్క. అందులో తెలుగువాళ్ల సంఖ్య పెద్దది. ఇక్కడ ఉద్యోగం లేదని అప్పు చేసి వెళితే అక్కడా అదే మార్కెట్. చదువు తర్వాత పనిచేసుకోవడానికి ఇచ్చే ఓపీటీలో మొత్తం తొంభై రోజులకు మించి ఖాళీగా ఉంటే వీసా హోదా ప్రమాదంలో పడుతుంది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. పొలం తాకట్టు పెట్టి పంపిన ఇళ్లు ఆ వార్త విన్న రాత్రి నిద్రపోలేదు.

నిరీక్షణే కొందరికి వ్యాపారం

ఉద్యోగం లేనప్పుడు కోర్సు చేయాలనిపిస్తుంది. అమీర్‌పేట మైత్రివనం చుట్టుపక్కల గోడల మీద ఏ కాలంలో ఏ కోర్సు నడిచిందో చదువుకుంటూ పోవచ్చు: జావా, డాట్‌నెట్, టెస్టింగ్ టూల్స్, శాప్, డెవాప్స్, డేటా సైన్స్, ఇప్పుడు ఏఐ. తక్కువ ఫీజుకు నిజంగా పని నేర్పి వేలమందిని నిలబెట్టిన గురువులు అక్కడ ఉన్నారు. వాళ్ల రుణం తెలుగు మధ్యతరగతి తీర్చుకోలేనిది.

అదే వీధుల్లో బ్యాక్‌డోర్ పేరిట లక్షలు వసూలు చేసేవాళ్లూ ఉన్నారు. డబ్బు కడితే ఆఫర్ లెటర్ ఇస్తారు, కొన్నాళ్లు శిక్షణ అంటారు, ఒక రోజు ఆఫీసుకు తాళం పడుతుంది. ఇంకొందరు ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తారు, ఇంటర్వ్యూలో ఒకరి బదులు ఇంకొకరు కూర్చునే ప్రాక్సీలు నడిపిస్తారు. ఈ దారిలో వెళ్లే పిల్లల్ని దొంగలుగా చూడటం తేలిక. రెండేళ్ల అనుభవం చూపిస్తే తప్ప రెజ్యూమె తెరవని వ్యవస్థ, ఆ అనుభవం సంపాదించుకునే చోటు మాత్రం చూపించలేదు. తప్పును సమర్థించలేం. తప్పుకు ఇంత గిరాకీ ఎక్కణ్నుంచి వచ్చిందో అడగకుండానూ ఉండలేం.

అన్నిటికంటే భయంకరమైనది విదేశీ ఉద్యోగాల మోసం. డేటా ఎంట్రీ పని, మంచి జీతం అని చెప్పి మన పిల్లల్ని కంబోడియా, మయన్మార్‌లకు తీసుకెళ్లి పాస్‌పోర్టులు లాక్కుని సైబర్ నేరాలు చేయించే ముఠాలను 2024లో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. ఉద్యోగం లేని కాలం ఎక్కువైనకొద్దీ ఇలాంటి మాటను నమ్మే బలహీనత పెరుగుతుంది.

ఊరంతా ఒకే పంట

ఒక ఏడాది మిర్చికి ధర పలికితే మరుసటి ఏడాది ఊరంతా మిర్చి వేస్తుంది, యార్డుకు బస్తాలు చేరేసరికి ధర కూలిపోతుంది. ఇంజినీరింగ్ సీట్ల విషయంలో మనం చేసింది ఇదే. కాలేజీలు సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ సీట్లు తగ్గించి కంప్యూటర్ సైన్స్, దాని అనుబంధ కోర్సులు పెంచుకుంటూ పోయాయి. తెలంగాణలో ఇప్పుడు బీటెక్ సీట్లలో సగానికి చాలా పైగా అవే. చేరినప్పటి మార్కెట్ వేరు, నాలుగేళ్ల తర్వాత బయటికొచ్చేనాటి మార్కెట్ వేరు. ఈ నాలుగేళ్ల దూరాన్ని కాలేజీ ప్రకటనలు ఎక్కడా చెప్పవు.

ఇప్పుడు కృత్రిమ మేధ కూడా వచ్చి చేరింది. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన బ్రిన్యోల్ఫ్‌సన్ బృందం 2025 ఆగస్టులో అమెరికా ఉద్యోగాల మీద వెలువరించిన పరిశోధనలో, ఏఐ ప్రభావం ఎక్కువగా ఉన్న వృత్తుల్లో 22-25 ఏళ్లవాళ్ల ఉపాధి మిగతావారితో పోలిస్తే 13 శాతం తగ్గింది. అనుభవజ్ఞుల మీద ఆ ప్రభావం కనిపించలేదు. మన ఫ్రెషర్లు మొదటి రెండేళ్లు చేసే టెస్టింగ్, సపోర్ట్, చిన్న చిన్న కోడింగ్ పనులే ఏఐకి ముందుగా దొరుకుతున్నాయి. పని నేర్చుకునే మొదటి మెట్టే అది. ఆ మెట్టు తీసేస్తే పదేళ్ల తర్వాత అనుభవజ్ఞులు ఎక్కణ్నుంచి వస్తారన్న ఆలోచన కంపెనీలకే ఉండాలి.

హైదరాబాద్‌కు వరుసగా వస్తున్న గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లు, అంటే విదేశీ సంస్థల సొంత కేంద్రాలు, మంచి జీతాలిస్తాయి. అవి ఎక్కువగా పిలిచేది అనుభవం ఉన్నవాళ్లను. విశాఖకు గూగుల్ 2025 అక్టోబరులో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. సంతోషించాల్సిన సంగతే. అయితే డేటా సెంటర్ కట్టేటప్పుడు చాలామందికి పని ఉంటుంది, కట్టాక నడపడానికి కొద్దిమంది చాలు. ఏ పెట్టుబడి వచ్చినా కోట్ల అంకెతో పాటు మొదటి ఉద్యోగం కోసం చూసే పిల్లలకు ఎన్ని చోట్లున్నాయో అడగడం మనం అలవాటు చేసుకోవాలి. జీనోమ్ వ్యాలీ ఔషధ పరిశ్రమలు, శ్రీసిటీ ఫ్యాక్టరీలు, పెనుకొండ కియా చుట్టూ పుట్టిన విడిభాగాల యూనిట్లు డిప్లొమా, ఐటీఐ, బీఎస్సీ చదివినవాళ్లకు పని చూపిస్తున్నాయి. ఆ చదువుల్ని మనం ఇళ్లలో చిన్నచూపు చూసినన్నాళ్లు అందరూ ఒకే వరుసలో నిలబడి తోసుకోవాల్సిందే.

చేయగలిగిన పనులు

మాంద్యాన్ని రాష్ట్ర ప్రభుత్వాలు ఆపలేవు. అది ఒక బ్యాచ్ మీద శాశ్వతంగా ముద్ర వేయకుండా ఆపగలవు.

మొదటిది, పైసా ఖర్చు లేనిది: పాసవుట్ షరతును సడలించడం. పట్టా పొందిన మూడేళ్ల వరకు ఎవరినైనా ఫ్రెషర్‌గానే పరిగణించాలని రెండు రాష్ట్రాలూ కంపెనీలను కోరాలి. భూమి, విద్యుత్తు, పన్నుల్లో రాయితీ తీసుకునే కంపెనీలకు దాన్ని ఒప్పందంలోనే రాయాలి. పరీక్ష అందరికీ ఒకటే పెట్టండి, ఎంత కఠినంగానైనా పెట్టండి. రాసే అవకాశం మాత్రం తీసేయొద్దు.

రెండోది, మార్కెట్ పడిపోయిన ఏడాది జీతంతో కూడిన శిక్షణ. చట్టం ఇప్పటికే ఉంది. ముప్పై మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలని 2019లో సవరించిన నిబంధనలు చెబుతున్నాయి. అప్పట్లో గ్రాడ్యుయేట్‌కు కనీస స్టైపెండ్ నెలకు 9 వేలుగా నిర్ణయించి, అందులో సగం కేంద్రం ఇచ్చే ఏర్పాటు చేశారు. దీన్ని గట్టిగా అమలు చేసి, నగర ఖర్చులకు సరిపడేలా రాష్ట్రాలు కొంత కలిపితే వేలమంది రెజ్యూమెల్లో ఖాళీ ఏడాదికి బదులు పనిచేసిన ఏడాది ఉంటుంది. 2024లో మొదలైనప్పుడు పీఎం ఇంటర్న్‌షిప్ పథకం ఇచ్చింది నెలకు 5 వేలు. హైదరాబాద్‌లో హాస్టల్‌కే అది సరిపోదు. సొంత ఇల్లున్న నగరం పిల్లలకే పనికొచ్చే పథకం, అవసరం ఎక్కువున్న పల్లె పిల్లల్ని వదిలేసినట్టే.

ఇలాంటి ఖర్చు వృథా అవుతుందనేవాళ్లకు బ్రిటన్ అనుభవం ఒక జవాబు. 2009 మాంద్యంలో అక్కడి ప్రభుత్వం ఫ్యూచర్ జాబ్స్ ఫండ్ పేరిట యువతకు ఆరు నెలల జీతపు ఉద్యోగాలు ఇప్పించింది. కొత్త ప్రభుత్వం వచ్చి దాన్ని ఆపేసింది. 2012లో వచ్చిన అధికారిక మూల్యాంకనం చూస్తే, పెట్టిన ఖర్చు కంటే సమాజానికి అందిన లాభమే ఎక్కువని తేలింది. ఐరోపా సమాఖ్య 2013లో యువతకు ఒక హామీ ఇచ్చింది. చదువు ఆపిన లేదా పని పోయిన నాలుగు నెలల్లోగా ఉద్యోగమో, శిక్షణో, అప్రెంటిస్‌షిప్పో చూపించాలన్నది దాని సారం. అమలు అన్ని దేశాల్లో ఒకేలా లేకపోయినా, నాలుగు నెలలన్న గడువు పెట్టుకోవడమే పెద్ద మాట. మన దగ్గర గడువంతా పిల్లలకే, ప్రభుత్వానికి లేదు.

మూడోది, ప్రభుత్వ నియామకాల క్యాలెండర్. ప్రకటించిన తేదీన నోటిఫికేషన్, చెప్పిన నెలలో పరీక్ష, చెప్పిన గడువులో ఫలితం. పోస్టులు తక్కువైనా సరే, తేదీ నిలబడితే పిల్లలు తమ జీవితాన్ని దాని చుట్టూ సర్దుకోగలరు. ఏటా కొద్దికొద్దిగా నింపే ఉద్యోగాలు ఏడేళ్లకొకసారి వచ్చే మెగా ప్రకటన కంటే మేలు.

నాలుగోది, కాలేజీల నిజాయతీ. ప్లేస్‌మెంట్ బ్రోచర్లలో అత్యధిక ప్యాకేజీ అంకె పెద్దగా వేస్తారు. ఎంతమందికి ఆఫర్లు వచ్చాయి, వాళ్లలో ఎందరు నిజంగా చేరారు, మధ్యస్థ జీతం ఎంత అనే మూడు అంకెలు బ్రాంచీలవారీగా ప్రకటించడం తప్పనిసరి చేయాలి. కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకునే కుటుంబం ఆ అంకెలు చూసి నిర్ణయించుకుంటుంది.

ఇవి గుర్తుంచుకోండి

• ఉద్యోగం ఇచ్చేవాళ్లు జీతం ఇస్తారు. డిపాజిట్, ప్రాసెసింగ్ ఫీజు, ల్యాప్‌టాప్ చార్జీ అంటూ మీ నుంచి డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి.

• ఆఫర్ లెటర్ వచ్చిన మెయిల్ ఐడీ కంపెనీ సొంత డొమైన్‌దేనా చూడండి. అనుమానముంటే కంపెనీ వెబ్‌సైట్‌లోని నంబర్‌కు ఫోన్ చేసి అడగండి.

• బాండ్ పేరిట ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వొద్దు.

• ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టొద్దు. పీఎఫ్ యూఏఎన్ రికార్డులో ఎక్కడ ఎప్పుడు పనిచేశారో ఉంటుంది. ఏళ్ల తర్వాత దొరికినా ఉద్యోగం పోతుంది.

• విదేశీ ఉద్యోగమైతే ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోండి. ఆన్‌లైన్‌లో మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

• మొదటి ఉద్యోగం చిన్నదని వదులుకోవద్దు. చిన్న కంపెనీలో చేరి, నేర్చుకుని, మెరుగైన చోటికి మారినవాళ్లే మాంద్యం నష్టాన్ని త్వరగా పూడ్చుకున్నారని పరిశోధనలు చెబుతున్నాయి.

ఇంట్లో మాట

ప్రభుత్వం చేయాల్సినవి ప్రభుత్వాన్ని అడగాలి. ఇంట్లో చేయాల్సినవి కొన్ని ఈ రోజే మొదలుపెట్టొచ్చు.

ఉద్యోగం లేని పిల్లలు ఊరికి రావడం తగ్గిస్తారు. పెళ్లిళ్లకు, పండగలకు ఏదో ఒక వంక చెబుతారు. 'ఇప్పుడేం చేస్తున్నావు?' అన్న ఒక్క ప్రశ్నకు భయపడి బంధువులందర్నీ దూరం పెడతారు. ఆ ప్రశ్న అడిగే పెద్దల్లో చెడ్డ ఉద్దేశం ఉండదు. జవాబు లేనివాళ్లకు అదెంత బరువో తెలియక అడుగుతారు. తెలిశాక అడగకుండా ఉండొచ్చు. ఆ ప్రశ్నకు బదులు, మీకు తెలిసిన ఫ్యాక్టరీలోనో, ఆడిటర్ ఆఫీసులోనో, ఆస్పత్రి లెక్కల విభాగంలోనో ఆరు నెలల పని ఉందేమో కనుక్కుని చెప్పొచ్చు. ఇప్పుడు మేనేజర్లుగా, టీం లీడ్లుగా ఉన్న ఒకప్పటి 2001, 2009 బ్యాచ్‌లవాళ్లు ఇంకా ఎక్కువ చేయగలరు. ఖాళీగా గడిచిన నెలలు ఎలా ఉంటాయో వాళ్లకు తెలుసు. రిఫరల్ ఇచ్చే అధికారం, ఫ్రెషర్ల ప్రకటనలో సంవత్సరం గడిని మార్చమని హెచ్ఆర్‌కు చెప్పగల హోదా వాళ్లకు ఉన్నాయి. ఒక్కొక్కరు ఒక్క ప్రకటన మార్పించినా వందల రెజ్యూమెలు చదివేవాళ్ల కంటపడతాయి.

2023, 2024 బ్యాచ్‌ల పిల్లలకు చివరగా ఒక మాట. మీకు దక్కనిదాన్ని మీ అసమర్థత ఖాతాలో రాసుకోకండి. ఏ దేశంలో లెక్కలు తీసినా మాంద్యంలో బయటికొచ్చిన తరం వెనకబడినట్టే తేలింది. కోలుకోవడం ఎలాగో కూడా ఆ లెక్కల్లోనే ఉంది. మొదటి పని త్వరగా దొరకాలి, అక్కడి నుంచి ముందుకు కదిలే వీలుండాలి. ఆ రెండూ మీరొక్కరే సాధించుకోగలిగినవి కావు. కంపెనీలు, ప్రభుత్వాలు, కాలేజీలు, మీకంటే ముందు ఉద్యోగాల్లో కుదురుకున్న మేమంతా కలిసి చేయాల్సిన పనులవి. మూడేళ్ల నిబంధన అడగడంతో మొదలుపెడదాం. మన రెండు రాష్ట్రాల్లో ఏ పార్టీ అధికారంలో ఉన్నా, ఏ కంపెనీ భూమి పూజ చేసినా, ఆ ఒక్క షరతు రాయించేదాకా అడుగుతూనే ఉందాం.